నాలుగు గంటల కాలర్లు

ఫిబ్రవరి 4

అక్కకు,

తమ్ముడు రాస్తున్నాడు. నేను బాగున్నాను. నువ్వూ బాగుండి ఉంటావు. లేకపోతే ఈపాటికి నీ దగ్గర్నుంచి నాలుగు ఉత్తరాలు వచ్చి ఉండేవి.

ఫోను చెయ్యలేదని కోప్పడకు. అందులో నీకు సరిగ్గా వినపడదు, నాకు మాట రాదు. మనిద్దరికీ ఉత్తరమే సరి.

చొక్కాల ఫ్యాక్టరీ నుంచి నన్ను ఇంటికి పంపి ఆరు నెలలైంది. ముప్పై ఎనిమిదేళ్లు కాలర్లు కుట్టాను. కాలర్లు ఒక్కటే. చేతులు ఒకరు కుట్టేవారు, జేబులు ఒకరు, కాజాలు ఇంకొకరు. నా బల్ల మీదికి మెడ లేని చొక్కా వచ్చేది, మెడతో వెళ్లిపోయేది. ఆఖరి రోజున ఒక గోడ గడియారం ఇచ్చారు. ఇప్పుడు దాని కింద సోఫా, సోఫా మీద నేను.

అమ్మాయి బాగా చూసుకుంటోంది. అల్లుడు ఊళ్లు తిరిగే ఉద్యోగంలో ఉన్నాడు. "నాన్నా, ఇక నువ్వు సూది ముట్టుకోవద్దు. హాయిగా కాళ్లు చాపుకుని కూర్చో" అంది అమ్మాయి. చాపాను. అయిదు నెలలు చాపాను.

ఒక సంగతి. నెల రోజులుగా ఆస్పత్రికి వెళ్తున్నాను. మా ఇంటి దగ్గరిదే. తొమ్మిదికి వెళ్లి అయిదింటికి వస్తాను. అమ్మాయి ఆఫీసుకు వెళ్లాక బయల్దేరి, ఆమె వచ్చేలోపు ఇంట్లో ఉంటాను. ఆమెకు తెలియదు. నువ్వు చెప్పకు. నాకు హాయిగా ఉంది.

ఇంకేం లేదు.

తమ్ముడు


ఫిబ్రవరి 9

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి కుర్చీలో కూలబడ్డాను. ఏం జబ్బురా? నెల రోజులుగా రోజూ ఆస్పత్రికి వెళ్తూ "ఇంకేం లేదు" అని రాస్తావా? ఇంకేం ఉండాలి? పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంచుకుంటున్నారంటే అది చిన్న జబ్బు కాదు. కిడ్నీలా? మా కింది వాటా ఆవిడ భర్తను ఇలాగే పొద్దున తీసుకెళ్లి సాయంత్రం పంపేవారు. పైగా "హాయిగా ఉంది" అట! మత్తుమందు ఎక్కిస్తే ఎవరికైనా హాయిగానే ఉంటుంది.

చిన్నప్పుడూ ఇంతే నువ్వు. అరికాల్లో గాజుపెంకు దిగితే మూడు రోజులు కుంటుతూ తిరిగావు. ఏంట్రా అంటే "ఏం లేదు" అన్నావు. నాన్న చూశాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే కాలు తీసేసినా ఏం లేదనే అనేవాడివి.

కషాయం పొడి పంపుతున్నాను. పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా. చేదుగా ఉందని పారబోశావో, నాకు తెలిసిపోతుంది. ఉన్ని టోపీ కూడా పెట్టాను.

ఇక్కడ నేను మహారాణిలా ఉన్నాను. కోడలు నన్ను పూచికపుల్ల కూడా ముట్టుకోనివ్వదు. లిఫ్టు చెడిపోయి రెండు నెలలైంది. మా బిల్డింగు వాళ్లందరి తరఫునా అయిదో అర్జీ రాశాను. నాలుగు అంతస్తులూ ఎక్కి దిగి అందరిచేతా సంతకాలు పెట్టించాను. రెండో అంతస్తు లెక్చరరు అది చదివి, "మామ్మగారూ, ఇది వినిపిస్తే లిఫ్టు తనంతట తానే లేచొస్తుందండీ" అన్నాడు. నీళ్ల ట్యాంకు మీద ఒకటి రాయాలి. మూడో అంతస్తు వాళ్ల కుక్క మీద ఒకటి రాయమని వాళ్ల పక్కవాళ్లు అడిగారు, రాశాను. తర్వాత కుక్క వాళ్లు వచ్చి కుక్క తరఫున రాయమన్నారు, అదీ రాశాను. రెండోదే బాగా కుదిరింది.

ఈ వయసులో మనకు కావలసింది విశ్రాంతిరా. జబ్బు పేరేంటో వెంటనే రాయి.

అక్క


ఫిబ్రవరి 15

అక్కకు,

పార్సిలు అందింది. టోపీ సరిపోయింది. ఇప్పుడు చలి లేదు. అయినా పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను.

జబ్బు లేదు. కుట్టుపని.

పొద్దున వెళ్లగానే కింద గదిలో కూర్చుంటాను. భూమి కింద గది. కిటికీ లేదు. మిషను ఉంది. సాయంత్రం దాకా కుడతాను. మధ్యలో పైన మగవాళ్ల వార్డుకు వెళ్తాను. పదకొండో మంచం మీద బస్సు డ్రైవరు ఉన్నాడు, కాలు విరిగింది. మేమిద్దరం మాట్లాడుకుంటాం. అంటే, ఆయన మాట్లాడతాడు.

కషాయం ఆయనే తాగాడు. ఎవరో ఒకరు తాగాలి కదా. బాగుందని పక్క మంచాల వాళ్లకూ పోశాడు. హెడ్ నర్సు వచ్చి, "ఇదెవరు తెచ్చారు?" అని కేకలేసింది. ఎవరూ చెప్పలేదు. మంచి వార్డు.

ముద్రల అమ్మ నన్ను అయిదింటి దాకా వదలదు. అందుకే ఉత్తరం ఆలస్యమైంది.

తమ్ముడు


ఫిబ్రవరి 20

తమ్ముడూ,

నాకంతా అర్థమైంది. నువ్వు దాచినా నీ ఉత్తరం దాచలేదు.

జబ్బుమనిషిని కిటికీ లేని నేలమాళిగలో కూర్చోబెట్టి వెట్టిచాకిరీ చేయిస్తున్నారన్నమాట! పైగా ఆ ముద్రల అమ్మ ఎవతో నిన్ను అయిదింటి దాకా కదలనివ్వదట. నువ్వు నోట్లో నాలుక లేనివాడివి కాబట్టి సరిపోయింది. నన్ను కూర్చోబెట్టమను చూద్దాం!

నీ కూతురికి చెప్పొద్దన్నావు, చెప్పలేదు. మాట ఇస్తే తప్పేదాన్ని కాను. కానీ ఆస్పత్రి పెద్ద డాక్టరుకు రాయొద్దని నువ్వు అనలేదు కదా. రాశాను. రిజిస్టరు పోస్టు. కొన్ని ముక్కలు నీకూ రాస్తున్నాను, చదివి ధైర్యం తెచ్చుకో.

"అయ్యా, అరవై ఆరేళ్ల రోగిని సూర్యరశ్మి సోకని నేలమాళిగలో ఉంచి, సాయంత్రం దాకా గుడ్డలు కుట్టిస్తున్నారు. ముద్రల అమ్మ అనే వ్యక్తి ఇందుకు బాధ్యురాలు. మందులు కూడా సరిగ్గా అందనందువల్ల, వార్డు మొత్తం నేను పంపిన కషాయం మీదే ఆధారపడి బతుకుతోంది."

ఎలా ఉంది? మా బిల్డింగు వాళ్లు ఇరవై రెండు మంది సంతకాలు చేశారు. కుక్క వాళ్లు కూడా చేశారు. వాళ్లకు నేనంటే గౌరవం.

ధైర్యంగా ఉండు. నిన్ను విడిపిస్తాను.

అక్క


ఫిబ్రవరి 26

అక్కా,

ఆ అర్జీ వెనక్కి తెప్పించడం కుదురుతుందా?

నేను రోగిని కాను. అక్కడ పని చేస్తున్నాను. ఇది ముందే రాయాల్సింది. రాశాననే అనుకున్నాను. ఇప్పుడు మొదటి నుంచి రాస్తాను.

జనవరిలో అమ్మాయి నన్ను ఆ ఆస్పత్రికి కళ్ల పరీక్షకు తీసుకెళ్లింది. ఆమె మందుల వరసలో నిలబడింది. నేను బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగా ఒక పచ్చ తెర. జానెడు చిరిగింది. దాన్ని ఎవరో గోనెసంచి కుట్టినట్టు కుట్టారు. కాసేపు వేరే వైపు చూశాను. ఎంతసేపని చూస్తాను? జేబులో సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి. ఆ కుట్లు విప్పి మళ్లీ కుట్టాను.

వెనకాల ఒకావిడ నిలబడి చూస్తోందని నాకు తెలియదు. ఆవిడే గుడ్డల గది చూసుకుంటుంది. దుప్పట్ల మీద ఆస్పత్రి ముద్ర కొట్టేది కూడా ఆవిడే, అందుకని అందరూ ముద్రల అమ్మ అంటారు. "మాస్టారూ, కింద మూడు వందల దుప్పట్లు చిరిగి పడున్నాయి. ఒకసారి చూస్తారా?" అంది. ఆ మాట వినగానే నాకు ఆకలేసింది. అయిదు నెలల్లో అలా ఆకలెయ్యడం అదే మొదలు.

ముందు దుప్పట్లు కుట్టాను. తర్వాత రోగుల గౌన్లు. అవి ఇవ్వడానికి వార్డుకు వెళ్తే డ్రైవరు నా చెయ్యి పట్టుకున్నాడు. "మాస్టారూ, రోజూ నాలుగింటికి మా మనవరాలు చూడ్డానికొస్తుంది. తాత గౌను వేసుకున్నాడని ఒకటే నవ్వు. ముప్పై ఏళ్లు యూనిఫాంలో తిరిగినవాణ్ణి. దీనికొక కాలర్ పెట్టి పుణ్యం కట్టుకోరా?" అన్నాడు.

కాలర్! నన్ను అడిగాడు.

పాత దుప్పటి గుడ్డ మూడు మడతలు వేసి, కుట్టి, గంజి పెట్టి ఇస్త్రీ చేశాను. నాలుగింటికి ఆయన దిండుకు ఆనుకుని నిటారుగా కూర్చున్నాడు. మనవరాలు నవ్వలేదు. "తాతా, బస్సు ఎక్కడుంది?" అంది. మర్నాటికి తొమ్మిది మంచాల వాళ్లు అడిగారు.

హెడ్ నర్సు ఒప్పుకోలేదు. "మెడ దగ్గర ఏదీ ఉండకూడదు. డాక్టర్లు చూడాలి, ట్యూబులు పెట్టాలి. ఇది ఆస్పత్రా, ఫొటో స్టూడియోనా?" అంది. రెండు రోజులు ఆలోచించి విడి కాలర్ కుట్టాను. మెడ వెనక నాడాతో కట్టుకోవాలి. బంధువులు వచ్చే నాలుగింటికి కట్టుకుని, అయిదింటికి విప్పి గంపలో వెయ్యాలి. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసింది. "సరే. ఒక్క నిమిషం దాటినా అన్నీ నా బీరువాలోకి పోతాయి" అంది.

అక్కా, ఎన్ని లక్షల కాలర్లు కుట్టానో. ఒక్క మెడ చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాను. సన్న మెడలు, లావు మెడలు, ఎముకలు తేలిన మెడలు. నాలుగైతే చాలు, వార్డంతా తలలెత్తి కూర్చుంటుంది. డ్రైవరైతే నిజంగానే కాలర్ ఎగరేస్తాడు.

అమ్మాయికి తెలిస్తే మాన్పిస్తుంది. తండ్రిని ఈ వయసులో పనికి పంపిందని నలుగురూ అనుకుంటారని ఆమె భయం. ఆమె మాట నేను కాదనలేను. ఎవరి మాటా కాదనలేను, నీకు తెలుసు. పెద్ద డాక్టరు ఆ అర్జీ చూస్తే ఇంటికి కబురు వెళ్తుంది. అంతటితో నా పని సరి.

ఇంత పెద్ద ఉత్తరం నేనెప్పుడూ రాయలేదు. వేళ్లు నొప్పి పుడుతున్నాయి.

తమ్ముడు


మార్చి 3

తమ్ముడూ,

రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను, రెండోసారి నిన్ను తిట్టాను. ఈ నాలుగు ముక్కలూ ముందే రాస్తే ముత్యాలు రాలిపోయేవా? ఇప్పుడు ఇరవై రెండు మందికి నేనేం చెప్పాలి? లెక్చరరు కనపడ్డప్పుడల్లా "మీ తమ్ముణ్ణి విడిపించారా మామ్మగారూ?" అంటున్నాడు. విచారణ జరుగుతోందని చెప్పాను.

నువ్వేం కంగారుపడకు. నీ ఉత్తరం అందిన గంటలో ఇంకో అర్జీ పంపాను, అన్నిటికంటే తొందరగా వెళ్లే పోస్టులో. "అయ్యా, ఇంతకుముందు నేను పంపిన అర్జీని దయచేసి చదవవద్దు. అందులో ఉన్న నేలమాళిగ గురించి గానీ, కషాయం గురించి గానీ ఎవరినీ ఏమీ అడగవద్దు" అని స్పష్టంగా రాశాను. ఇక భయం లేదు.

కానీ ఒక మాట. నీ కూతురు చెప్పినదాంట్లో తప్పేముంది? కూర్చోమంది, కూర్చో. నన్ను చూసి నేర్చుకో. లిఫ్టు బాగుచేశారు. అందరూ ఝామ్మని ఎక్కి దిగుతున్నారు. మెట్ల మీద పలకరించేందుకు ఒక్క ప్రాణి కనపడడం లేదు. నీళ్లు కూడా వస్తున్నాయి. కుక్క వాళ్లూ, పక్కవాళ్లూ రాజీ పడ్డారట, నాకు ఒక్క మాటైనా చెప్పకుండా! రెండు రోజులుగా ఒంట్లో నలతగా ఉంది. వాతావరణం మారింది, అంతే.

అక్క


మార్చి 10

అక్కకు,

రెండో అర్జీ ముందు వచ్చింది.

మొదటిది ఎక్కడుందని పెద్ద డాక్టరు ఆఫీసంతా వెతికించాడట. మర్నాడు పోస్టులో అదీ వచ్చింది. నిలబడి చదవడం మొదలుపెట్టి, కూర్చుని పూర్తి చేశాడట. తర్వాత మా గదికి దిగివచ్చాడు.

"మీరేనా ఈయన్ని అయిదింటి దాకా వదలనిది?" అని ముద్రల అమ్మను అడిగాడు. ఆవిడ నా వైపు చూసింది. నేను మిషను వైపు చూశాను.

"ఈయన పేషెంటా?"

"కాదు సార్."

"స్టాఫా?"

"కాదు సార్."

"మరెవరు?"

"మాస్టారు సార్" అంది.

అమ్మాయికి ఆయన ఫోను చేశాడు. "మీ నాన్నగారి విషయం మాట్లాడాలి, రండి" అని పెట్టేశాడట. నాకంటే తక్కువ మాటల మనిషి దొరికాడు. పాపం ఆమె పరుగెత్తుకుంటూ వచ్చి గుండె జబ్బుల వార్డు చూసింది, ఆపరేషన్ల వార్డు చూసింది. మగవాళ్ల వార్డు గుమ్మంలోకి వచ్చేసరికి నాలుగైంది. నేను పదకొండో మంచం వెనక నాడా కడుతున్నాను. ఇరవై నాలుగు మంచాల మీద ఇరవై నాలుగు కాలర్లు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

ఇంటికి వచ్చాక, "నాన్నా, నీకిక్కడ ఏం తక్కువ చేశాను?" అంది. ఏం లేదమ్మా అన్నాను. "ఆ మధ్య ఫోనులో, మా నాన్న ఇంట్లో ఉన్నట్టే ఉండదు, కూర్చుంటే సోఫా గుడ్డ కూడా నలగదని అన్నాను. అది విన్నావు కదా? అందుకే కదా?" అంది.

నేను వినలేదు. ఆమె నవ్వుతూనే అని ఉంటుంది. ఇదంతా లోపల అనుకున్నాను. పైకి ఒక్క ముక్క రాలేదు. మాట్లాడలేదంటే విన్నట్టే అనుకుంది. ఏడ్చింది. చూడలేక, "రేపటి నుంచి వెళ్లనులే" అన్నాను. ఏడుపు ఎక్కువైంది. ఎందుకో తెలియలేదు.

పెద్ద డాక్టరు ఒక కాగితం ఇచ్చాడు. నేను పని చెయ్యడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నట్టు సంతకం కావాలి. ఇరవయ్యో తేదీ లోపు ఇవ్వాలి. లేకపోతే కాలర్లు కూడా ఆపేస్తారు. అది టీవీ పక్కన ఉంది. దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యడం లేదు. మూడు రోజులుగా ఇంట్లోనే ఉన్నాను.

ఇంకో మాట, కోప్పడకు. కూర్చోమని రాశావు. నాలుగు అంతస్తులూ ఎక్కి దిగి సంతకాలు పెట్టించావు. కుక్క మీద ఒకటి, కుక్క తరఫున ఒకటి రాశావు. నువ్వు కూర్చున్నది ఎప్పుడు? లిఫ్టు బాగైతే నీకు నలత దేనికి?

తమ్ముడు


మార్చి 15

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చి రెండు రోజులైంది. వెంటనే జవాబు రాయకపోవడం నా బతుకులో ఇదే మొదటిసారి.

ముందు కోపం వచ్చింది. వీడి పొగరు చూడు అని కోడలికి చూపించాను. అది చదివి గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకు వినపడదు గానీ, వెనక నుంచి భుజాలు ఊగడం కనపడుతుంది కదా.

నిజమేరా. అర్జీ పట్టుకుని మెట్లెక్కేటప్పుడు మోకాళ్లు ఉన్నాయనే గుర్తుండదు. ఏ తలుపు కొట్టినా "రండి మామ్మగారూ" అంటారు. నాకది ఇష్టం కాబట్టి పని కాదనుకున్నాను. నీది పని కాబట్టి ఇష్టం ఎలా అవుతుందిలే అనుకున్నాను. డెబ్బై రెండేళ్లకు వచ్చింది తెలివి.

ఇక నీ సంగతి. నీ కూతురికి నేను రాయను. నేను రాస్తే ఏమవుతుందో చూశాం కదా. నోరు నువ్వే తెరవాలి. ఏడుపు ఎందుకు ఎక్కువైందో తెలియలేదా, మొద్దూ! మొదట తన మాటకు నొచ్చుకుని వెళ్లావనుకుంది. తర్వాత తన ఏడుపు చూసి మానేశావు. రెండుసార్లూ తప్పు తన మీదే పడింది. దానికి కావలసింది నువ్వు వెళ్లడమో మానడమో కాదు. నొచ్చుకుని వెళ్లావా, ఇష్టపడి వెళ్లావా, అది కావాలి. నువ్వు తప్ప ఇంకెవరు చెప్తారు?

పొద్దుపోక వెళ్లానని చెప్పకు. ఆస్పత్రికి నా అవసరం ఉందని తప్పించుకోకు. నీకెలా ఉంటుందో చెప్పు. ఒక్క వాక్యం. కాలర్ కుట్టినంత సేపు కూడా పట్టదు.

నాకు నలత తగ్గింది. మా వీధి చివర బస్సు ఆగడం లేదట. రేపు మొదలుపెడతాను.

అక్క


మార్చి 21

అక్కకు,

చెప్పాను.

మూడు రోజులు పట్టింది. మొదటి రోజు వంటింటి గుమ్మం దాకా వెళ్లి మంచినీళ్లు అడిగి వచ్చేశాను. రెండో రోజూ మంచినీళ్లే. మూడో రోజు, అంటే నిన్న ఇరవయ్యో తేదీ, గుమ్మంలో నిలబడగానే అమ్మాయి తనే గ్లాసు అందించింది.

"నీళ్లు కాదు" అన్నాను.

"టీయా?"

"కాదు."

"మరి?"

పొయ్యి మీద పాలున్నాయి. పొంగేలోపు చెప్పేద్దామనుకున్నాను. పొంగిపోయాయి. ఆమె పొయ్యి ఆపి గుడ్డతో తుడుస్తోంది. అప్పుడన్నాను.

"నాకు అక్కడ సంతోషంగా ఉంటుందమ్మా."

తుడవడం ఆపింది. "ఇక్కడ ఉండదా నాన్నా?" అంది.

ఇది నువ్వు రాసి పంపలేదు అక్కా. ఈసారి నేను వెనక్కి రాలేదు.

"ఇక్కడా ఉంటుంది. అక్కడి నుంచి వచ్చి, సాయంత్రం నీకు తలుపు తీస్తాను చూడు, అప్పుడు ఇంకా ఎక్కువ ఉంటుంది. ఆ సోఫా మాట నేను వినలేదు. విన్నా అది నిజమే కదా, గుడ్డ నలగదు" అన్నాను.

"నేను పుట్టాక నీ నోటి నుంచి ఇన్ని మాటలు ఒకేసారి వినలేదు నాన్నా" అని నవ్వింది. పాలు తుడిచిన గుడ్డతోనే కళ్లు తుడుచుకుంది. చెయ్యి కడుక్కుని వెళ్లి కాగితం మీద సంతకం పెట్టింది.

షరతులు రెండు. ఆదివారం వెళ్లకూడదు. ఏదైనా సరే తనకు చెప్పాలి. "అత్తయ్యకు రాసినంతైనా నాకు చెప్పు" అంది. నీకు రాసినంత చెబితే ఏమవుతుందో ఆమెకు ఇంకా తెలియదు.

తర్వాత, "నాన్నా, ఆ రోజు పదకొండో మంచం ఆయన కాలర్ ఎడమ వైపు కాస్త వంకరగా ఉంది" అంది.

"వంకర కాలర్‌ది కాదు, ఆయన మెడది!" అన్నాను. గట్టిగా అన్నాను. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

ఈరోజు పొద్దున ఇద్దరం ఒకేసారి బయల్దేరాం. ఆమె చేతిలో రెండు టిఫిన్ బాక్సులు, ఒకటి నాది. ఎదురింటాయన తలుపుకు తాళం వేస్తూ, "ఏమ్మా, పొద్దున్నే నాన్నగారిని ఎక్కడికో తీసుకెళ్తున్నారే?" అని అడిగాడు.

ఇలా ఎవరైనా అడుగుతారనే కదా ఆమె ఇన్నాళ్లూ భయపడింది. నేను ఏదో ఒకటి అందామనుకునేలోపు ఆమే అందుకుంది.

"నేను తీసుకెళ్లడం లేదండీ. మా నాన్నగారు డ్యూటీకి వెళ్తున్నారు" అంది అమ్మాయి. మెట్లన్నీ మోగేలా అంది. నీకు కూడా వినపడి ఉండేది.

నేను గబగబా రెండు మెట్లు ముందు దిగాను, ఆమెకు నా మొహం కనపడకుండా.

ఇది భోజనాల వేళ గుడ్డల గదిలో కూర్చుని రాస్తున్నాను. ఆడవాళ్ల వార్డు నుంచి ఎవరో వచ్చారు. తమకూ కాలర్లు కావాలట, అంచుకు లేసు పెట్టి. నేనెప్పుడూ లేసు కుట్టలేదు. నేర్చుకోవాలి.

పని ఉంది అక్కా. ఉంటాను.

తమ్ముడు